పెద్దమ్మతో దేవిడీకి వెళ్లిన రోజు

పోయిన మంగళవారం పొద్దున అన్న ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదు" అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. ఆయనకే అరవై దాటాయి. బర్రెలు అమ్మేసి ఇరవై ఏళ్లయినా తెల్లవారకముందే లేచి కూర్చునే మనిషి పెద్దమ్మ. ఆమె లేవలేదంటే ఇక అడగడానికేమీ లేదు. మధ్యాహ్నానికల్లా పురానాపూల్ శ్మశానంలో అన్నీ అయిపోయాయి.

నన్ను ఎత్తుకుని పెంచింది పెద్దమ్మే. టీవీ వినడానికి కూడా కళ్లద్దాలు పెట్టుకునేది. కూరగాయలబండి ఆయనతో ఉర్దూలో బేరమాడి, ఆయన వెళ్లిపోయాక తెలుగులో మెచ్చుకునేది. ఎవరింటికి వెళ్లినా గడప బయటే నిలబడి "ఉన్నరా?" అని అడిగి, జవాబు వచ్చాకే లోపలికి అడుగుపెట్టేది. సొంత తమ్ముడింటికైనా అంతే. "ముందుగాల మనిషిని అడగాలె, తర్వాత ఇల్లు జూడాలె" అనేది.

ఆరునెలల కిందట ఒక సాయంత్రం ఆమెకు నా ఫోన్‌లో కొన్ని ఫొటోలు చూపించాను. మా ఇళ్లకు దగ్గరలోనే నవాబుల కాలంనాటి పెద్ద ఇల్లు ఒకటుంది. మేమంతా దేవిడీ అంటాం. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్నదాన్ని బాగుచేసి, జనం చూడటానికి తెరిచారు. అద్దాల హాలు, చెక్కమెట్లు, రంగుగాజుల కిటికీలు, అన్నీ చూసి "ఎనక వాకిలి ఫొటో లేదా?" అని అడిగింది. పెళ్లయిన కొత్తలో ఆమె ఆ ఇంటికి రోజూ పాలు పోసేదని మాకు తెలుసు. తీసుకెళ్లి చూపిస్తానంటే వెంటనే ఒప్పుకుంది. ఒకటే షరతు, అన్న కూడా రావాలి.

నేను ఏర్పాట్లలో పడ్డాను. ఏ వారం సెలవో, ఎన్నింటికి తెరుస్తారో కనుక్కున్నాను. ఆమె మోకాళ్లకు మెట్లు పనికిరావు కాబట్టి ఒకరోజు ముందుగా నేనొక్కదాన్నే వెళ్లి, ఎక్కడెక్కడ కూర్చోవచ్చో, ఆటో ఎంతదాకా వస్తుందో చూసుకుని వచ్చాను. ఇన్ని చేసినా అన్నను మాత్రం కదిలించలేకపోయాను. ఆయనది పాల దుకాణం. పాత గోడలు చూడటానికి దుకాణం బందు పెట్టాలా అని విసుక్కున్నాడు. ఆయన లేకుండా వెళ్దామంటే పెద్దమ్మ ససేమిరా అంది. బోనాలు అయిపోయాయి, వానలు అయిపోయాయి. మూడుసార్లు ముహూర్తం తప్పింది. ఆ మొండితనం మీద నాకూ కోపం వచ్చింది. ఒక పూట అన్న తింటుంటే ఆమె ఎదురుగా కూర్చుని, "నేను నిన్నేం అడగలే ఇన్నేండ్లల్ల. గిదొక్కటి అడుగుతున్న" అందట. ఆ శుక్రవారమే బయల్దేరాం.

దేవిడీ పెద్దగేటు దగ్గర పెద్దమ్మ ఆగి, కాపలా ఆయన్ని "ఉన్నరా?" అని అడిగింది. ఆయన నవ్వలేదు. "రండమ్మా, ఉన్నం" అన్నాడు.

ఇల్లు చూపించడానికి ఒక అమ్మాయి మా వెంట వచ్చింది. హాలు గురించి, పైకప్పు గురించి చక్కగా చెప్పింది. పెద్దమ్మ మాత్రం కొత్త ఊళ్లో దిగినట్టు చూస్తోంది. ఆ గదుల్లో ఆమె ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తోచనేలేదు. నెలల తరబడి నేను వేసుకున్న పథకమంతా ఆమెకు తెలియని ఇల్లు చూపించడానికే అయింది. అన్న రెండుసార్లు ఫోన్ తీసి టైము చూసుకున్నాడు.

వెనక వరండాలోకి రాగానే ఆమె నా చెయ్యి వదిలేసింది. కర్ర ఆనించుకుంటూ తనే ముందు నడిచింది. పెరట్లో మూలగది ముందు ఆగింది. తలుపు పక్కన పలక మీద 'సామాన్ల గది' అని రాసి ఉంది. చదివి వినిపిస్తే తల అడ్డంగా ఊపింది.

"సామాన్లది గాదు. ఈడ ఆపా ఉండేది" అని, గోడ మీద చెయ్యి ఆనించి అన్న వైపు తిరిగింది. "నువ్వు ఈన్నే పుట్టినవ్ రా."

ఆమే చెప్పుకొచ్చింది. నెలలు నిండుతున్నా పాలు మోయక తప్పలేదట. ఆ రోజు వెనక వాకిట్లో బిందె దించుతుండగానే నొప్పులు మొదలయ్యాయి. ఆ ఇంట్లో వంట చూసుకునే ఆవిడను ఆమె ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. ఆపా ఆమెను ఈ గదిలోకి తెచ్చి, తన పరుపు మీదే పడుకోబెట్టి, కాన్పు చేసింది. బొడ్డు కోసి, తన కొత్త దుపట్టా చింపి బిడ్డను చుట్టింది. బాదం, గసగసాలు, నెయ్యి వేసి చిక్కగా హరీరా కాచి తాగించింది. మా ఇంట్లో ఏ బాలింతకైనా పెద్దమ్మ కాచి ఇచ్చింది అదే. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మాట దాటేసేది. ఆ ఇంట్లో మంచినీళ్లు తాగినా ఊరుకోని అత్తకు భయపడి, దారిలో మంత్రసాని ఇంట్లో కాన్పయిందని చెప్పారట.

"నాయినకు ఎర్కనా?" అన్నాడు అన్న.

"ఎర్కే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మీ నాయనమ్మ ఉన్నన్నాళ్లు చెప్పరాకపాయె. ఆమె పోయినంక, జాగ జూపెట్టి చెప్దామనుకున్న. జూస్తే తాళం. నోటితోని ఉత్తగ చెప్పే ముచ్చటనా ఇది?"

అన్న చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాడు. ఖాళీగది. ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచాడు. దుకాణం సంగతి మళ్లీ ఎత్తలేదు.

మా వెంట వచ్చిన అమ్మాయి నోటుపుస్తకం తీసింది. ఇదంతా రాసుకుంటానని, ఆపా పేరేమిటని అడిగింది. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది.

"ఆపా అంటుంటి. పేరడగలే నేను" అంది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ అమ్మాయి పుస్తకంలో 'ఆపా' అనే రాసుకుంది. ఆ పలక మారిందో లేదో నేనింకా వెళ్లి చూడలేదు.

తిరుగు ఆటోలో పెద్దమ్మ మా ఇద్దరి మధ్య కూర్చుంది. వంతెన మీద బండ్లు ఆగిపోయాయి. ఆ గది గోడకున్న కొత్త సున్నం ఆమె అరచేతికి తెల్లగా అంటుకుని ఉంది. ఆమె దాన్ని చీరకు తుడుచుకోలేదు, చెయ్యి ఒడిలో వెల్లకిలా పెట్టుకుంది. అన్న ఆ చేతి కింద తన చెయ్యి ఉంచి, సున్నం చెరగకుండా పట్టుకుని, నది వైపు చూస్తూ కూర్చున్నాడు.