వకీలు నవలకు నేను రాసిన చీటీ

ఆ వకీలు చనిపోయి చాలా ఏళ్లయింది. అయినా ఎవరైనా ఆయన మాట ఎత్తితే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని మా ఇంట్లోవాళ్లు అంటారు. నేను పెట్టుకున్నాను. దాచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

రెండో యుద్ధానికి ముందు సంగతి. ఎర్రగుంట్ల నుంచి ఎద్దులబండిలో సగం పూట ప్రయాణం మా ఊరు. అక్కడ ఒక గ్రంథాలయం ఉండేది. ముందు వసారా, లోపల కడప బండలు పరిచిన ఒకే గది, ఆరు బీరువాలు. నేను గ్రంథపాలకుణ్ణి, వకీలు కార్యదర్శి. రైల్లో వచ్చిన పుస్తకాల పార్సిలు బండి మీద మా గుమ్మం చేరేది. నేను విప్పి, ఒక్కొక్కటీ చదివిన తర్వాతే బీరువాలో పెట్టేవాణ్ణి. నచ్చినదానికి అట్ట లోపలివైపు ఒక చీటీ అంటించేవాణ్ణి. 'చదివినాను, బాగుంది' అని రాసి, ఎందుకు బాగుందో రెండు ముక్కలు చేర్చి, కింద సంతకం పెట్టేవాణ్ణి. నచ్చనిదానికి చీటీ ఉండేది కాదు. ఏడేళ్లలో ఊరికి ఇది ఎంత అలవాటైందంటే, జనం పుస్తకం పేరు కూడా చూడకుండా ముందు అట్ట తెరిచి చీటీ ఉందా అని వెతికేవాళ్లు. నాకు ఆస్తిపాస్తులేమీ లేవు. ఊళ్లో నాకంటూ ఉన్నది ఆ చీటీల మీద జనానికున్న నమ్మకమే.

ఒకరోజు సాయంత్రం వకీలు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు. చదవడానికి కాదు, బీరువాలు చూపించడానికి. ఒక పుస్తకం తీసి తెరిచాడు. చీటీ కనపడింది. వసారా నిండా జనం ఉన్నారు.

"ఏందిది? నీ అభిప్రాయం ఎవరడిగినారు?" అన్నాడు అందరికీ వినపడేటట్లు. "నిన్ను ఈడ పెట్టింది దుమ్ము దులిపేదానికి, చదివేదానికి కాదు. ఇవన్నీ పీకెయ్."

పీకాను. తడిగుడ్డతో నానబెట్టి, గోటితో గీకి, రెండు రోజులు కూర్చుని పీకాను. మొదటి గంటసేపు ఆయన కుర్చీ వేసుకొని చూశాడు. చదువరులు చూడలేక తలలు వంచుకొని ఒక్కొక్కరే జారుకున్నారు. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న జిగురు అన్నం తినేటప్పుడు కూడా వాసన కొట్టింది. ఎప్పటికైనా ఈ మనిషి పరువు పదిమందిలో తీస్తానని ఆ కంచం ముందు ఒట్టు పెట్టుకున్నాను.

అవకాశం తనంతట తనే నడిచి వచ్చింది. ఆరు నెలలకు వకీలు ఒక నవల రాసి మద్రాసులో అచ్చు వేయించుకున్నాడు. నాలుగు వందల పేజీలు. అందులో కథానాయకుడు కూడా వకీలే. ప్రతి ప్రకరణంలోనూ లేచి నిలబడి ఉపన్యాసం ఇస్తాడు. నూట ఇరవయ్యో పేజీ దాకా కథ మొదలే కాదు, మొదలయ్యాక ఎందుకు మొదలైందా అనిపిస్తుంది. పది ప్రతులు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"దీనికి మాత్రం ఒక చీటీ రాయప్పా. జనానికి నీ మాట మీద శానా గురి గదా!" అన్నాడు నవ్వుతూ.

పీకించిన నోటితోనే రాయమన్నాడు. ఆ క్షణంలో నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఎందుకో చెప్తాను. సరస్వతి పూజ రోజు మా గ్రంథాలయంలో వార్షికోత్సవం జరిగేది. ఆ సభలో చదువరులు ఒక్కొక్కరే లేచి ఆ ఏడు చదివిన పుస్తకం గురించి చెప్పాలి. నచ్చకపోతే నచ్చలేదని మొహమాటం లేకుండా చెప్పాలి. అది నేను పెట్టిన అలవాటే. ఆ ఏడు సభకు కడప నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడు. ఊళ్లో నోరున్నవాళ్లందరి చేతా ఈ నవల చదివించి, ఆ అధికారి ముందు దాన్ని చీల్చి చెండాడిస్తే! నేను నోరు మెదపనక్కర్లేదు.

పది ప్రతులకూ పది చీటీలు రాశాను. 'రెండుసార్లు చదివినాను. మనిషన్నవాడు చదవవలసిన పుస్తకం. చివరి ప్రకరణంలో కళ్లు చెమర్చినాయి.' కింద నా సంతకం. మొదటి ప్రతి కిరాణాకొట్టు శెట్టికి ఇచ్చాను. పెళ్లి భోజనానికి పిలిచినా ఉప్పు గురించి ఒక మాట అనకుండా లేచే మనిషి కాదు. రెండోది బడిపంతులుకు ఇచ్చాను. ఆయన దేవుడి కీర్తనలో కూడా తప్పులు పట్టేవాడు. అట్లా ఏరి ఏరి పంచాను.

పదో ప్రతి నేను ఇవ్వలేదు. పరుపులు కుట్టే సాయిబు తనే తీసుకున్నాడు. యాభై దాటాక నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి, అందుకే నన్ను అయివారూ అని పిలిచేవాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవాడు. అయినా నేను చీటీ పెట్టిన పుస్తకం ఒక్కటీ వదల్లేదు. అట్ట తెరిచి, నా చీటీ చదువుకొని, తల ఊపి, నవల చంకలో పెట్టుకున్నాడు. అది వద్దు, ఇంకోటి తీసుకో అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పది ప్రతులూ బయట తిరగాలన్న పంతంలో ఉన్నాను.

రెండు వారాల తర్వాత బజార్లో ఎదురుపడ్డాడు.

"డెబ్బై పేజీలు అయినాయి అయివారూ. కథ ఇంకా మొదలు కాలేదు."

"ఓపిక పట్టు సాయిబూ," అన్నాను.

పూజ రోజు వచ్చింది. వసారా నిండిపోయి జనం వీధిలో నిలబడ్డారు. అధికారి పక్కన వకీలు ఉత్తరీయం సర్దుకుంటూ కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకొని, ఆయన ముఖం ఒక్కటే చూస్తున్నాను. దాని రంగు మారే క్షణం తప్పిపోకూడదని.

శెట్టి లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "మనిషన్నవాడు చదవాల్సిన పుస్తకం," అన్నాడు. "ఆఖరి ప్రకరణంలో నాకైతే కండ్లు చెమర్చినాయి." కూర్చున్నాడు. పంతులు లేచాడు. ఆయన కళ్లూ చివరి ప్రకరణంలోనే చెమర్చాయి. మూడోవాడివి, నాలుగోవాడివి కూడా. తొమ్మిదిమంది నా చీటీనే నాకు అప్పజెప్పారు. ఒక్కడు కూడా సగం దాటి చదివి ఉండడు, ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. అయితే నేను బాగుందన్న పుస్తకం తనకు బాగాలేదంటే, తనకే తెలివి లేదని ఊరు అనుకుంటుందని ఒక్కొక్కడికీ భయం. ఏడేళ్లు నిజం రాసి నేను సంపాదించిన గురి అంతా ఆ వకీలు మెళ్లో దండగా పడింది. అధికారి చప్పట్లు కొట్టాడు. పళ్లు పటపట కొరకడం తప్ప నేను చేయగలిగింది లేదు.

ఆఖరున సాయిబు లేచాడు. నవల రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు.

"నేను మొత్తం చదివినా," అన్నాడు. "ప్రతి అక్షరం చదివినా. నాకు ఏమీ బాగలేదు. కండ్లు చెమర్చలేదు. తప్పు పుస్తకానిది గాదు, బాగుండాదని అయివారు చీటీ రాసినారు గదా. ముసలితనంలో నేర్చిన చదువు, ఇంతవరకే వచ్చింది. ఇంక నేను పుస్తకం తీసుకపోను. అర్థమయ్యేటోళ్లకు ఇయ్యండప్పా."

జనం నవ్వారు. అందరికంటే గట్టిగా వకీలు నవ్వాడు. తర్వాత నన్ను పిలిచి, ఆ అధికారి ముందు నాకు శాలువా కప్పాడు. దాన్ని ఆయన మెడకే బిగించి లాగాలనిపించింది. నమస్కారం పెట్టి దిగిపోయాను.

మరునాడు పొద్దున్నే సాయిబు ఇంటికి వెళ్లాను. పంచలో కూర్చుని దూది ఏకుతున్నాడు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. అది చెత్త పుస్తకమని, వకీలు మీద పగతో అబద్ధం రాశానని, సభలో ఉన్న అందరిలోనూ సరిగ్గా చదివినవాడు ఆయనొక్కడేనని చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. దూది ఏకడం ఆపేశాడు.

"పోయినేడు ఒక ఎద్దు కథ ఇచ్చినారు," అన్నాడు. "కరువులో రైతు ఎద్దును అమ్ముకునేది. దానికి నేను ఏడ్చినా. నా పెండ్లాన్ని కూర్చోబెట్టి చదివి చెప్తే ఆమె గూడా ఏడ్చింది. దానికీ మీ చీటీ ఉండె."

"అది నిజంగా రాసింది సాయిబూ. ఒట్టు."

"మీరు అంటాండారు, సరే. బాగుండబట్టి ఏడ్చినానా, మీరు బాగుండాదని రాసినారని ఏడ్చినానా? అది నాకు ఇప్పుడు ఎట్ల తెలిసేది?"

ఆయన మళ్లీ దూది ఏకడం మొదలుపెట్టాడు. నేను లేచి వచ్చేశాను.