ఓడెక్కిన నేరేడు సీసా

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అప్పయమ్మ నేరేడు వైన్ గురించి చెప్పుకునే మాటల్లో సగం నమ్మదగ్గవే. ఒక ఏడాది జాడీ మూత పేలి, పైకప్పు పెంకుల సందులోంచి ఎగిరి, సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సు బండిలో పడిందట. గార్డు దాన్ని తరవాతి స్టేషన్లో దించి, తిరుగు బండిలో భద్రంగా పంపించాడట. మూత తిరిగొచ్చిన మాట నిజం. ఎలా వచ్చిందన్నది మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు.

పదిహేడో ఏట టెక్కలి పక్క పల్లె నుంచి పెళ్ళై వచ్చినప్పుడు ఆమెకు వైన్ అనే మాటే తెలియదు. భర్త జగన్నాథం బండి చక్రాలు పరీక్షించే పనివాడు. బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీట పడినది బొంగురుగా పలుకుతుంది. ముప్ఫై ఆరేళ్ళలో అతని చెవి ఒక్కసారీ తప్పలేదు.

పక్క క్వార్టర్‌లో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య డాలీ ఆంటీ ఉండేది. పళ్ళు చిదమడం, పంచదార, దాల్చినచెక్క, ఈస్టు కలపడం, జాడీ మూతికి గుడ్డ కట్టడం అన్నీ ఆవిడే నేర్పింది. తీరా సరుకు ఎప్పుడు తయారైనట్టో చెప్పేలోపే డ్రైవరుగారికి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. ఒక జాడీ నిండా బుసబుసలాడే నల్లటి రసం, అప్పయమ్మ మిగిలారు.

డ్యూటీ నుంచి వచ్చిన జగన్నాథం భార్య దిగులు చూశాడు. సుత్తి తిరగేసి, పిడితో జాడీని తట్టి, చెవి ఆనించాడు.

"ఇంకా పని సేస్తందే. కదపకు" అన్నాడు.

రోజూ తట్టాడు. నలభై మూడో రోజున, "ఇదిగో, ఇప్పుడు మోగింది!" అన్నాడు. ఆ క్రిస్మస్‌కి కాలనీలో ఎనిమిది ఇళ్ళవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చారు. రెండో ఏడాది నుంచి అతని చెవి అవసరం లేకపోయింది. చెక్క గరిటెతో తట్టి, కళ్ళు మూసుకుని, అప్పయమ్మే చెప్పేసేది. అలా నలభై ఏళ్ళకు పైగా గడిచాయి.

కిందటి క్రిస్మస్‌కి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో విందు జరిగింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒకాయన విదేశీ సీసా తెచ్చి అందరికీ చూపిస్తున్నాడు. అప్పయమ్మ వైన్ ఒక గుక్క తాగి, ఎంతో మర్యాదగా, "బఢియా షర్బత్ హై, మాతాజీ" అన్నాడు.

ఆమె నవ్వి ఊరుకుంది. కానీ తరవాతి జూన్‌లో నేరేడు పళ్ళు రాలి నేలంతా ఊదారంగైపోయినా ఆమె ఒక్క పండు ఏరలేదు. జాడీ కడిగి బోర్లించింది. ఎవరైనా అడిగితే, "నలభై యేళ్ళుగా నేను శరబత్తు సేసి వైన్ అని పంచానేటో, ఎవరికి తెలుసు?" అనేది.

మనవరాలు రజిని ఊళ్ళోనే మంగ్లా వైపు ఒక బ్యాంకులో పని చేస్తుంది. తాతకీ మామ్మకీ పెళ్ళై యాభై ఏళ్ళయిందని విశాఖపట్నం నుంచి ముగ్గురికీ మూడు రోజుల ఓడ ప్రయాణం బుక్ చేసింది. ఒకరోజు ఫోన్‌లో నిబంధనలు చదివి వినిపించింది.

"సునో మామ్మా. ఒక్కొక్కరూ ఒక్క వైన్ బాటిల్ తెచ్చుకోవచ్చట. వాళ్ళ డైనింగ్ హాల్లో తాగితే మాత్రం కార్కేజ్ కట్టాలి."

"అదేటి?" అన్నాడు జగన్నాథం.

"మన సీసా మూత వాళ్ళు తీసి, గ్లాసుల్లో పోసినందుకు ఫీజు, తాతా."

"మూత తీసినందుకా! నాకు చేతుల్లేవేటి? ఇంట్లోనే తీసేసి తీసుకెళ్దాం."

"ఖులీ బాటిల్ నహీ లేతే, తాతా. మూత తీసిన సీసా రానివ్వరు."

అప్పయమ్మ ముందుకు వంగింది. "ఒలే రజినీ, శరబత్తుకి కూడా ఆ ఫీజు పుచ్చుకుంటారా?"

"లేదు మామ్మా, వైన్‌కే. అక్కడ వైన్ రుచి చూసి చెప్పే పెద్దాయన ఉంటాడట. వో బతా దేగా, ఏది వైనో ఏది కాదో."

ఆ సాయంత్రం అప్పయమ్మ బియ్యం డబ్బా వెనక దాచిన ఆఖరి సీసా బయటికి తీసింది. దానికి కొత్త బెండు బిగించి, మైనం కరిగించి పోసింది.

విశాఖ రేవులో ఓడను చూసి జగన్నాథం తలెత్తి లెక్కపెట్టాడు. పదకొండు అంతస్తులు. ఏ అంతస్తు చూసినా కిటికీలే. ఇరవై నాలుగు బోగీల బండ్లు పది తెచ్చి ఒకదానిమీద ఒకటి పేర్చితే ఇలా ఉంటుందేమో అనుకున్నాడు. అటూ ఇటూ తిరిగి కిందికి వంగి చూశాడు.

"చక్రాలేవీ లేవే! దేన్ని కొట్టి సూస్తారు దీన్ని?" అని నోరు తెరిచాడు.

సామాను తనిఖీ చేసే దగ్గర సీసా ఆగిపోయింది. దానికి లేబుల్ లేదు, కంపెనీ పేరు లేదు. కుర్రవాడైన అధికారి దాన్ని వెలుగుకి పట్టి, "ఇదేమిటి?" అని హిందీలో అడిగాడు.

జగన్నాథం ముందే సిద్ధంగా ఉన్నాడు. "షర్బత్, సాబ్. జామున్ షర్బత్."

"షర్బత్ అయితే రూముకి తీసుకెళ్ళండి, ఫరవాలేదు" అన్నాడు అధికారి. చెయ్యి ఊపితే అయిపోయేది.

"కాదు బాబూ. అది వైన్" అంది అప్పయమ్మ.

జగన్నాథం ఆమె మోచెయ్యి గిల్లాడు. "ఏటే, పిచ్చెక్కిందా? దానంతటది వెళ్ళిపోతంటే!"

"మీరూరుకోండి. యాభై ఏళ్ళలో ఒక్కపాలి ఊరుకోండి."

అధికారి తల గోక్కున్నాడు. వైన్ అయితే లేబుల్ లేని సీసాను లోపలికి పంపడం అతని చేతిలో లేదు. ఓడలోకి ఫోన్ చేశాడు. కొంతసేపటికి తెల్ల చొక్కా, నల్ల కోటు వేసుకుని, నెరిసిన మీసాలతో గోవా పెద్దాయన ఒకడు దిగి వచ్చాడు. వైన్ సంగతి ఓడలో ఆయన చూస్తాడు. సీసాను పసిపాపను ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు.

"రాత్రి భోజనం దగ్గర తెరిచి చూస్తానమ్మా. వైన్ అయితే కార్కేజ్ కట్టాలి. పాడైనదైతే పారబొయ్యక తప్పదు. సరేనా?"

అప్పయమ్మ తల ఊపింది. ఆఖరి సీసా నలుగురి మధ్య నుంచి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నమంతా ఆమె చుట్టూ వింతలే. మేడ మీద ఈతకొలను. గాజు లిఫ్టులు. మనిషి ఎత్తు పువ్వుల గుత్తులు. ఓడ కదిలినట్టే లేదు, ఊరే కదిలి వెనక్కి వెళ్ళిపోయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ ముందు గుమ్మడికాయంత, తరవాత నిమ్మకాయంత అయి మాయమైంది. ఆ పైన నాలుగు వైపులా నీళ్ళే. రైలు పట్టాల పక్కన బతుకంతా గడిపిన మనిషికి, ఏ దారీ లేని చోట ఇంత పెద్దది ఇంత నిబ్బరంగా పోతోందంటే నమ్మబుద్ధి కాలేదు. అయినా ఆమె చూపు మాటిమాటికీ డైనింగ్ హాలు తలుపు మీదికే పోతోంది.

రజిని కనిపెట్టింది. "మామ్మా, టెన్షన్ క్యోం? ఆయన కాదంటే కాదు. మాకు తెలుసు కదా."

"మీకు తెలుసే. నాకు తెలవాలి."

దీపాల వేళకి ముగ్గురూ బల్ల ముందు కూర్చున్నారు. పెద్దాయన వచ్చాడు. ముంజేతి మీద తెల్ల గుడ్డ, దాని మీద నేరేడు సీసా. పక్క బల్లకి విదేశీ సీసా ఎలా తెచ్చాడో దీన్నీ అలాగే తెచ్చాడు. మైనం గీకి, బెండు లాగాడు. గ్లాసులో వేలెడు పోసి, దీపానికి పట్టి చూసి, వాసన చూసి, నోట పోసుకుని ఆగాడు.

అప్పయమ్మ చేతులు ఒళ్ళో ముడుచుకుంది. పెద్దాయన మరో గుక్క పుచ్చుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు.

"ఏ యంత్రంతో చూశారమ్మా, ఇది పొంగడం ఆగిందని?"

"యంత్రం లేదు బాబూ. జాడీని తట్టి ఇంటాను. పని సేస్తన్నంతకాలం మొద్దుగా పలుకుద్ది. అయిపోతే మోగుద్ది."

రజిని హిందీలో చెప్పింది. పెద్దాయన, చుట్టూ జనం ఉన్నారన్న సంగతి మరిచి, సీసాను గోటితో టిక్కుమని తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా వైన్‌ని చూశాను, తాగాను, వాసన చూశాను. విన్నవాళ్ళని ఇవాళే చూస్తున్నాను" అన్నాడు మెల్లగా.

"అంటే శరబత్తే కదా, సాబ్?" అన్నాడు జగన్నాథం ఇంకా ఆశ చావక.

పెద్దాయన ఎర్ర జెండా చూసిన డ్రైవరులా అతని వైపు చూశాడు. "షర్బతా? దీనికి కార్కేజ్ వెయ్యకపోతే నా కోటు విప్పి సముద్రంలో పడెయ్యాలి!"

జగన్నాథం కుర్చీలో జారగిలబడ్డాడు. రజిని పకపకా నవ్వింది. అప్పయమ్మ మాత్రం నవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "వేయండి బాబూ. పూర్తిగా వేయండి. ఒక్క పైసా తగ్గించకండి" అంది.

ఆయన మూడు గ్లాసుల్లోనూ పోశాడు. నాలుగోది తనకి పోసుకోవచ్చా అని అడిగి మరీ పోసుకున్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత విప్పాడు.

"తయారు చేసిన వారి పేరు?"

"బొడ్డేపల్లి అప్పయమ్మ."

"ఊరు?"

"బిలాస్‌పూర్."

"ఏ ఏడాది వైన్?"

నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అప్పయమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "రెండేళ్ళ కిందటిది. ఆ యేడు మా ఊరి పక్కన మోప్కా వైపు వానలు ముందుగా పడిపోయాయి బాబూ. పళ్ళు లావుగానే ఉన్నాయి గాని తీపి తక్కువ. అంతకు ముందు యేడుది తాగుంటే మీరు..." అని మొదలుపెట్టింది. రజిని హిందీలో చెబుతూ పోయింది. పెద్దాయన పక్క బల్లవాళ్ళు పిలుస్తున్నా వినిపించుకోకుండా, కుర్చీ లాక్కుని కూర్చుని రాసుకోసాగాడు.