చిన్నత్త కంబళి

చిన్నత్త పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయిందప్పా, బాధ పడలేదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా చెయ్యి మోచేతిని గోకుతోంది. దురదేమీ లేదు. ఆమె గుర్తొస్తే గోక్కోవడం నాకు పాత అలవాటు.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. నా చిన్నప్పటి కరువు రోజుల్లో మా ఊరు అరసికెరెలో చెనిక్కాయ, అదే వేరుశెనగ, పండితే సంతోషం, దాని వెనకే దుమ్ము. ఎండిన చెట్ల నుంచి కాయలు తెంపుతూ కూర్చుంటే పిల్లల ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. మందుల షాపు ఎక్కడో పావగడ టౌనులో, చిన్నత్త మా పక్క వీధిలోనే. అందరూ పిల్లల్ని ఆమె దగ్గరికే తెచ్చేవారు. నల్ల కంబళి కప్పి, దాని కొసతో వీపు మీదా చేతుల మీదా రుద్దుతూ "అయిపాయ నాయనా, అదో, దిగిపోతాండాది చూడు" అనేది. కాసేపటికి దిగిపోయేవి కూడా. మొగుడు లేడు, పొలం లేదు. అయినా ఏ ఇంటికి పోయినా ఆమెకు ముందు పీట వేసేవారంటే ఆ కంబళి వల్లే.

నా చదువు నాలుగో తరగతి. మిగతాదంతా పావగడ లైబ్రరీలో, బస్సుకూ బస్సుకూ మధ్య చదివిందే. మా బస్సు ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి బాగానే చదివాననుకోండి. ఒకరోజు ఒక పత్రికలో దద్దుర్ల సంగతి కనబడింది. చర్మం కింది కణాల్లో హిస్టమిన్ అనే పదార్థం నిలవ ఉంటుందట. గరుకు గుడ్డతో రుద్దితే కొందరిలో అది బయటికొచ్చి దద్దుర్లు ఇంకా లేస్తాయట. అంతలో బస్సు హారన్ వినబడింది. ఆ రోజే అది వేళకు రావాలా! పేజీ తిప్పకుండానే పరుగెత్తాను.

దిగగానే నేరుగా ఆమె ఇంటికే పోయాను. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు, ఆమె ఒళ్లో ఒక పిల్ల.

"అత్తా, కంబళితో రుద్దగూడదంట. లోపల హిస్టమిన్ అని ఒకటుండాది, అది రేగుతాదంట."

"ఏందిరా అది, ఇష్టమేనా?"

"హిస్టమిన్!"

"అదే, ఇష్టమేనా. గోక్కునేది ఎవురికి ఇష్టంరా?"

అరుగంతా నవ్వింది. నాకు రోషమొచ్చింది. "నవ్వులాట గాదు. ఇన్నేండ్లూ పిల్లోళ్లకు నువ్వు మేలు చేయలే, కీడు చేసినావు" అన్నాను.

చిన్నత్త తన ఒళ్లోని పిల్ల చేతిని చూసింది. మెల్లగా కంబళి మడిచి దండెం మీద వేసింది. మళ్లీ తియ్యలేదు. ఎవరైనా పిల్లను తెస్తే "పావగడకు పిల్చుకపోండమ్మా" అనేది. కొన్నాళ్లకు తేవడమే మానేశారు. పీట వేసేవారూ తగ్గారు.

నేను తిప్పని పేజీలోని సంగతి చాలా ఏళ్లకు, అదే లైబ్రరీలో, వేరే పుస్తకంలో దొరికింది. హిస్టమిన్‌ను తయారుచేసే ఒళ్లే దాన్ని అదుపులోనూ పెడుతుందట. మెదడులో దాన్ని చేసే కణాలు తాము వదిలినదాన్ని తామే పసిగట్టి తయారీ తగ్గిస్తాయి. కడుపులో అది పులుపును ఊరిస్తుంది, పులుపు ఎక్కువైతే ఆపమని దానికి కబురు పోతుంది. బయటపడినదాన్ని విరగ్గొట్టే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉంది. అందుకే చాలా దద్దుర్లు వాటంతటవే దిగుతాయి. చాలు అని చెప్పే అలాంటి ఏర్పాటు నా నాలుకకు లేకపోయింది.

ఆ రోజే పోయి చెప్పాను. "అత్తా, దాన్ని ఒళ్లే తగ్గించుకుంటాదంట. నువ్వు చేసిన కీడేం లేదు."

"మరి మేలు?"

నేను తల గోక్కున్నాను. ఆమె నవ్వింది. "పోనీలేరా. అది దిగిందాంకా పిల్లోడు ఏడుస్తాంటాడు గదా. అంతసేపూ ఎవురో ఒకరు పక్కన కూచ్చోవాల."

"అయితే మళ్లీ తియ్యి కంబళి."

"చెయ్యి రాదప్పా. దాన్ని తాకితే నీ మాటే వినబడతాది."

కర్మ అయిపోయాక వాళ్లింట్లో దండెం మీది కంబళి దించాను. దుమ్ము రాలింది. ఎక్కడ పట్టుకున్నా గరుకే, అరచేతిలో గుచ్చుకుంటోంది. ఒక్క కొస మాత్రం అలా లేదు. ఆమె రుద్దే కొస అది. బొచ్చంతా ఊడిపోయి, చేతి వెడల్పున, ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర చెరగులా నున్నగా ఉంది. నా మోచేతి మీద రుద్దుకుని చూశాను. కాస్తయినా గీరలేదు.