బొగ్గుల బస్సు

మాదాపూర్‌లో మనవరాలి ఆఫీసు గోడ మీద పాత ఫోటో చూసి ఆగిపోయాను. నిజాం కాలం నాటి బస్సు. పెట్రోలు కరువై బొగ్గులతో నడిచేది.

నాకప్పుడు ఆరేళ్లు. నొప్పులు పడుతున్న అమ్మను హఫీజ్‌పేట నుంచి పట్నం దవాఖానకు అలాంటి బస్సులోనే తీసుకుపోయాం. దారిలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి, వెనకున్న పొయ్యిలో బొగ్గులేసి రాజేస్తున్నాడు.

"నాయినా, గాయన అన్నం వండుతుండు. అమ్మకు జర పెట్టమను," అన్నాను.

నాయిన కంగారుగా డ్రైవరు వైపే చూస్తున్నాడు. అంత నొప్పిలోనూ అమ్మే నవ్వింది. "ఉడకనియ్యి బిడ్డా, తొందరేంది?"

పొద్దుగూకకముందే తమ్ముడు పుట్టాడు. అమ్మ క్షేమమని నర్సు చెప్పగానే నాయిన మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. తమ్ముడు నచ్చలేదేమో అనుకున్నాను.

ఆ ఏడుపేమిటో, నా కూతురి కాన్పు రోజున నేనూ కళ్లు తుడుచుకున్నప్పుడు గానీ తెలియలేదు.