తలుపుకాడి ఆడమనిషి

"ముందు ఆ పటం తీసేయండమ్మా. దాని కింద నిలబడి నేను ప్రార్థన చెయ్యలేను," అన్నారు కొత్తగా వచ్చిన పాస్టరు దయానంద్ గారు.

తిరుమలమ్మ భర్త జయరావు పోయి ఏడాది. సత్యవేడులోని ఆ ఇంట్లో జ్ఞాపకార్థ కూడికకు చాపలు పరిచారు, బిర్యానీ దించారు, చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు అయ్యగారు లేచి వెళ్లిపోతే ఆ మనిషికి ప్రార్థనే లేదు. బతికినన్నాళ్లూ తాగుబోతని తోసేశారు సరే, చచ్చాక కూడానా?

ఆ పటం మిషన్ బంగళాలోది. అక్కడ వంట చేసినన్నాళ్లూ తిరుమలమ్మే దాని దుమ్ము తుడిచింది. ఎవరో గొప్ప చిత్రకారుడు దొరల దేశంలో ఎప్పుడో వేసిన బొమ్మట. దాన్ని చూసి రాగిరేకు మీద గీసి, నల్లసిరాతో అచ్చేశారు. బంగళా పడగొట్టేటప్పుడు అందరూ కుర్చీలూ బీరువాలూ ఏరుకుంటే ఈ మహాతల్లి దీన్ని చంకన పెట్టుకొని వచ్చింది. బల్ల, కూజాలు, పగలబడి నవ్వే మొగాళ్లు. చూసినవాళ్లంతా యేసుప్రభువు వెళ్లిన కానా ఊరి పెళ్లి అనుకొని సంతోషపడ్డారు.

"ఇది సారాయంగడి," అన్నారు దయానంద్. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆయన భయం ఆయనది.

కూతురు గ్రేసీ సిగ్గుతో చచ్చిపోయింది. "తీసేద్దాం మా."

"సారాయంగడని నాకు తెలవదా?" అంది తిరుమలమ్మ.

లేచి, బొమ్మలో ఓ మూల వేలు పెట్టింది. తెరిచిన తలుపు దగ్గర ఒక ఆడమనిషి, చంకలో బిడ్డతో, లోపలికి చూస్తూ నిలబడి ఉంది. ఇన్నేళ్లూ అందరూ తాగేవాళ్లనే చూశారు గానీ, ఆమెను ఎవరు చూశారు గనక!

"ఇది నేను, అయ్యగారూ. పొద్దుగూకితే గ్రేసీని సంకనేసుకోని అంగడి తలుపుకాడ నిలబడుకోనుంటి. ఊరంతా నవ్వినారు. నా మాదిరి ఇంకో ఆడది ఉండాదని ఈ పటంలోనే సూసినా."

అయ్యగారు బైబిలు తెరవలేదు. చాపల మీద ఎవరో దగ్గారు.

ఇక లాభం లేదని తిరుమలమ్మ కొంగు తలమీదికి లాక్కొని, తనే మోకాళ్లూనింది.

"ప్రభువా, దినామూ నేనే పొయ్యి ఆయప్పని ఇంటికి పిల్సుకోనొస్తా ఉంటి. ఇప్పుడు నేను రాలేని తావుకి పోయినాడు. ఈ తూరి నువ్వు పో, తండ్రీ. తిట్టొద్దు. తలుపుకాడ నిలబడు సాలు, ఆయనే లేసొస్తాడు."