జమ్ముకు పదమూడు గీతలు

మొన్న బస్సు తోటపల్లి గూడూరు దాటుతుంటే కాలువ బాగుచేస్తున్నారు. గట్టు మీద కోసి పడేసిన పచ్చి జమ్ము గడ్డి వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. నా వేలు దానంతటదే మోకాలి మీద ఒక జపాను అక్షరం రాయడం మొదలుపెట్టింది. దానికి పదమూడు గీతలు. నేర్పింది ఎస్తేరక్క.

జపానులో ఒక వృద్ధాశ్రమంలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చి, వెంకటాచలంలో చర్చి పక్క గదిలో నర్సింగు చదివిన మాలాంటి అమ్మాయిలకు ఆ భాష చెప్పేది ఆమె. గొంతు పెద్దది. మెచ్చుకోవడం చేతకాదు, ఎంత బాగా రాసినా “సర్లే” అనేది. ఆ క్లాసులో చేరిన రోజే, మా అమ్మకు టైలరింగ్ షాపు ఉందని గొప్పలకు పోయి చెప్పాను. నిజానికి అమ్మ జమ్ము కోసి, ఎండబెట్టి, చాపలల్లి అమ్మేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా, నేను తొక్కాను. పైగా ఆ సంగతి ఇంట్లో నవ్వుతూ చెప్పాను కూడా. అమ్మ నవ్వలేదు.

ఒకరోజు ఎస్తేరక్క బోర్డు మీద 蒲 అని రాసింది. “పైన గడ్డి. దాని కింద ఎడంపక్క మూడు నీటి చుక్కలు. ఇది జమ్ము. మీలో ఎవరన్నా దగ్గర్నించి చూసినారా?” అని అడిగింది. నేను తల వంచుకుని పుస్తకంలో గీతలు గీస్తూ కూర్చున్నాను. “చూడకుండా రాస్తే రేపటికి మరిచిపోతారు, లేయండి” అని ఎనిమిదిమందినీ రెండు ఆటోల్లో ఎక్కించింది. అవి పోయి పోయి మా ఊరి కాలువ దగ్గరే ఆగాయి.

నడుములోతు నీళ్లలో అమ్మ ఉంది. నన్ను చూసింది. చూసి, తనే మొహం తిప్పుకుంది.

“అమ్మా, ఒక దుబ్బు చూపిస్తారా?” అని ఎస్తేరక్క అడిగితే అమ్మ కోసి తెచ్చింది. “వేరు లాగబాకండమ్మా, మళ్లీ మొలవాల” అంటూ అందరికీ తలా ఒక ఆకు ఇచ్చింది. నా దగ్గరికి మాత్రం రాలేదు.

ఆటోల వైపు నడుస్తూ ఎస్తేరక్క ఎవరి మొహమూ చూడకుండా అంది: “నేను జపానులో ముసలోళ్లకి ఒళ్లు కడిగేదాన్ని. మా నాయనకేమో ఆఫీసు పని అని చెప్పినా. నిజం చెప్దామని వచ్చేసరికి ఆయన లేడు.”

నా కాళ్లు ఆగిపోయాయి. సిగ్గుతో చచ్చిపోతూనే వెనక్కి పరుగెత్తి, అందరికీ వినబడేలా “ఈమె మా అమ్మ” అన్నాను. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను అప్పుడే చూసినట్టు, “అన్నం తిన్నావా?” అంది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఎస్తేరక్క తెలిసే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిందో లేదో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నెల్లూరులో నేనూ అదే భాష చెబుతున్నాను. జమ్ము అక్షరం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఊళ్లో మా ఇంటికి తీసుకెళ్తాను. ఆ రోజు అమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, మేము వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని ఉంటుంది.