గంపలో ఇనుపముక్క

బేతంచెర్లలో మా ఇంటి కప్పు నాపరాయిది. మే నెల మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చుంటే తలమీద పెనం పెట్టినట్టుంటుంది. సరిగ్గా ఆ ఎండల్లోనే మా కోడిపెట్ట పొదుగుకు వచ్చింది. నేను వద్దన్నా వినకుండా మా అత్త గంపలో ఇసుక పోసి, గుడ్లు పేర్చి, పక్కన ఒక ఇనుపముక్క గుచ్చింది. అలా పెడితే ఉరుములకు గుడ్లు మురిగిపోవట.

“మబ్బే లేదు, ఉరుమెక్కడిదత్తా?” అన్నాను.

“గనుల్లో రాయి పేలుస్తాండారు గదమ్మా, అదీ ఉరుమే.”

మూడు వారాలకు గుడ్లన్నీ పగిలి పిల్లలొచ్చాయి, ఒక్కటి తప్ప. దానికి చిన్న చిల్లు పడి ఆగిపోయింది. వడగాలికి లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోయింది. అది లోపలినుంచే కీచుమంటుంటే, పెట్ట ముక్కు తెరిచి రొప్పుతూనే బదులు పలుకుతోంది. నేను పెంకు వలవబోతే అత్త నా చేయి పట్టుకుంది.

“వలిస్తే నెత్తురొచ్చి సస్తాది. నీళ్లు సిలకరించు.”

చిలకరించిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరిమీదో తెలియలేదు.

సాయంత్రానికి పెంకులో అరుపు ఆగింది. పిల్లలు గంప దిగినా పెట్ట దిగలేదు, ఆ గుడ్డునే పిలుస్తోంది. అత్త ఇసుకలోంచి ఇనుపముక్క తీసి కొంగుతో తుడిచింది.

“ఎండకేం పెట్టాల్నో మాయమ్మ సెప్పల్యా” అంది.